జింక వేటకి ఏ తూటా, ఏ గుండు? టెక్సస్ మంచె మీంచి ఒక పోలిక

అక్టోబరు వచ్చిందంటే నా ఫోనుకి ఒకే ప్రశ్న రకరకాల గొంతుల్లో వస్తుంది. "అన్నా, కొట్టువాడు సిక్స్ పాయింట్ ఫైవ్ కొనమంటున్నాడు, కొనెయ్యనా?" అని ఫ్రిస్కో నుంచి ఒక తమ్ముడు. "బావా, మా పక్కింటాయన థర్టీ నాట్ సిక్స్ కానిదాన్ని తుపాకీ అననే అనడు, నిజమేనంటావా?" అని శాన్ ఆంటోనియో నుంచి ఇంకొకరు. టెక్సస్ ఉత్తర మండలంలో తెల్లతోక జింక వేట నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది కాబట్టి అందరికీ తొందరే. ఎవరు అడిగినా నేను తిరిగి అడిగేది ఒక్కటే: నువ్వు కూర్చునే మంచె మీంచి ఎంత దూరం కనపడుతుంది? ఆ జవాబు లేకుండా తూటా పేర్ల మీద వాదించుకోవడం, పెళ్లికూతుర్ని చూడకుండానే పట్టుచీర రంగు మీద కొట్లాడుకున్నట్టు ఉంటుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, నచ్చకపోతే ఇక్కడే ఆపెయ్యొచ్చు. తూటా పేరు మీద పెట్టే బుర్రలో సగం గుండు మీద పెట్టండి. మిగతా సగం మీ భుజం ఎంత తన్నుకి (కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే దెబ్బకి) ఓర్చుకుంటుందో తెలుసుకోవడానికి పెట్టండి. 200 గజాల లోపల తెల్లతోక జింకకి చాలని సెంటర్‌ఫైర్ తూటా (అడుగున నడిమధ్య నిప్పు అంటుకునేది) కింది పట్టికలో ఒక్కటీ లేదు. సరిపోని గుండ్లు మాత్రం బోలెడున్నాయి.

తూటా వేరు, గుండు వేరు

తెలుగులో మనం తూటా అన్నా, గుండు అన్నా, బుల్లెట్ అన్నా ఒకటే అనుకుని మాట్లాడతాం. కొట్టుకి వెళ్లేముందు వీటిని విడదీసుకోవాలి. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, కొసన గుండు, ఈ నాలుగూ కలిస్తే తూటా. బ్యారెల్ దాటి జింక దాకా వెళ్లేది మాత్రం గుండు ఒక్కటే. ఒకే .308 తూటా ఒకే బ్రాండులో కూడా అయిదారు రకాల గుండ్లతో దొరుకుతుంది. వాటిలో ఒకటి జింకని పాతిక గజాల్లో పడేస్తే, ఇంకొకటి సన్నని బెజ్జం చేసి అవతలికి పోతుంది, జింక పొదల్లోకి పోయి తెల్లారేసరికి నక్కలపాలవుతుంది.

పేర్లలోని అంకెల్ని గుడ్డిగా నమ్మొద్దు. చాలా పేర్లు గుండు అడ్డకొలతని అంగుళాల్లో చెబుతాయి గానీ అన్నీ కాదు. .270 గుండు అసలు కొలత .277. థర్టీ నాట్ సిక్స్‌లో చివరి ఆరు 1906 సంవత్సరం. థర్టీ థర్టీలో రెండో ముప్ఫై, మొదట్లో అందులో పోసిన మందు తూకం. మన పోలీసుల భుజాల మీద చూసి పెరిగిన త్రీ నాట్ త్రీలో కూడా గుండు కొలత .311. పేర్లు పెట్టినవాళ్లకి ఒక పద్ధతీ పాడూ లేదని అప్పుడే అర్థమవుతుంది.

గుండు బరువుని గ్రెయిన్లలో చెబుతారు. ఇది మనకి కొత్త కొలత కాదు. 1833లో ఇంగ్లీషువాళ్లు ఇండియాలో తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా స్థిరపరిచారు. అంటే థర్టీ నాట్ సిక్స్‌లో వేసే 180 గ్రెయిన్ల గుండు అచ్చంగా మన అమ్మమ్మల పాత తులం, 11.66 గ్రాములు. ఇప్పుడు నగల కొట్టువాడు తులం అని లెక్కగట్టే 10 గ్రాములు 154 గ్రెయిన్లు, దాదాపు 150 గ్రెయిన్ల గుండంత. ఈ లెక్క ఒకసారి తలకెక్కితే పెట్టె మీది అంకె చూడగానే చేతిలో బరువు తెలుస్తుంది. 100 గ్రెయిన్ల .243 గుండు అరతులానికి కాస్త ఎక్కువ. దానికీ తులం గుండుకీ తేడా ఉంటుందని వేరే చెప్పాలా?

దూరం సంగతి

టెక్సస్ అంతా ఒకటే నేల కాదు. తూర్పున పైన్ అడవుల్లో 60, 70 గజాలు దాటి చూపు పోదు. ల్యానో చుట్టుపక్కల హిల్ కంట్రీలో ఎక్కువమంది మంచె ముందు మొక్కజొన్న చల్లే ఫీడర్ పెట్టుకుంటారు, అది నూరు గజాలకి అటూ ఇటూ ఉంటుంది. దక్షిణాన ముళ్లపొదల మధ్య బుల్‌డోజరుతో తీసిన పొడవాటి దారులుంటాయి, వాటిని సెండెరో అంటారు. అక్కడ 250, 300 గజాల దూరంలో జింక దారి దాటుతుంటే పది సెకన్లలో తేల్చుకోవాలి. జింకల పరిమాణమూ మారుతుంది. హిల్ కంట్రీ ఆడజింక బతికుండగా నూరు పౌండ్లు తూగితే గొప్ప. దక్షిణ టెక్సస్ పోతు దానికి రెట్టింపు దాకా పోతుంది.

గురి పెట్టాల్సిన చోటు, అంటే ముందుకాలి జబ్బ వెనక ఊపిరితిత్తులు, గుండె ఉండే భాగం, సుమారు ఎనిమిది అంగుళాల గుండ్రం. టిఫిన్ ప్లేటంత. నూరు గజాల్లో బల్ల మీద ఇసుకసంచి ఆనించుకుని కాల్చినా ఆ ప్లేటు తప్పుతున్నారంటే, మీకు కావాల్సింది కొత్త తూటా కాదు.

ఇక అంకెలు. ఇవి 24 అంగుళాల బ్యారెల్‌తో, మామూలు కంపెనీ తూటాలతో వచ్చే ఉరామరి అంకెలు. మీ తుపాకీ బ్యారెల్ 20 అంగుళాలైతే వేగం కొంత తగ్గించుకుని చదవండి. తన్ను అంకె సుమారు ఎనిమిది పౌండ్ల తుపాకీకి.

| తూటా | వచ్చిన ఏడాది | గుండు బరువు (గ్రెయిన్లు) | బయల్దేరే వేగం (సెకనుకు అడుగులు) | 200 గజాల్లో శక్తి (ఫుట్ పౌండ్లు) | తన్ను (ఫుట్ పౌండ్లు) |
|---|---|---|---|---|---|
| థర్టీ థర్టీ వించెస్టర్ | 1895 | 150 | 2390 | 860 | 10, 11 |
| .243 వించెస్టర్ | 1955 | 100 | 2960 | 1330 | 9, 10 |
| 6.5 క్రీడ్‌మోర్ | 2007 | 143 | 2700 | 1850 | 12, 13 |
| 7 ఎంఎం-08 రెమింగ్టన్ | 1980 | 140 | 2860 | 1790 | 13 |
| .308 వించెస్టర్ | 1952 | 150 | 2820 | 1700 | 15, 16 |
| .270 వించెస్టర్ | 1925 | 130 | 3060 | 1820 | 16, 17 |
| థర్టీ నాట్ సిక్స్ | 1906 | 150 | 2910 | 1830 | 17, 18 |

ఈ పట్టికని రెండుసార్లు చదివితే ఒక సంగతి తెలుస్తుంది. 6.5 నుంచి థర్టీ నాట్ సిక్స్ దాకా ఉన్న అయిదింటికీ 200 గజాల్లో శక్తి ఇంచుమించు ఒకటే. తేడా అంతా మీ భుజానికి తగిలేదాన్లో ఉంది. జింకకి ఆ 150 ఫుట్ పౌండ్ల తేడా తెలియదు, మీకు మాత్రం మూడో రౌండు కాల్చేసరికి బాగా తెలుస్తుంది.

"జింకకి కనీసం 1000 ఫుట్ పౌండ్లు ఉండాలి" అని ఒక పాత సూత్రం వినపడుతుంటుంది. దాన్ని వేదవాక్యంగా తీసుకోవద్దు. బాణంతో వేటాడేవాళ్లు నూరు ఫుట్ పౌండ్లకి లోపే ఏటా ఎన్నో జింకల్ని పడేస్తున్నారు. బాణపు అంచు సరైన చోట లోతుగా కోస్తే చాలు. గుండు విషయమూ అంతే: సరైన చోట తగలాలి, లోపలికి దిగాలి, దిగుతూ విచ్చుకోవాలి. శక్తి అంకె ఆ పని జరగడానికి అవకాశం ఇస్తుంది, పని అది చెయ్యదు.

ఒక్కొక్కటిగా

థర్టీ థర్టీ ముసలిది, నాకు చాలా ఇష్టం. లీవర్ లాగి కాల్చే చిన్న తుపాకీ, పైన్ అడవిలో 120 గజాల లోపల దీన్ని మించింది లేదు. దీనితో ఒక జాగ్రత్త. ఈ తుపాకుల్లో తూటాలు బ్యారెల్ కింద గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. వెనకదాని మొన ముందుదాని ప్రైమర్‌కి ఆనుకుంటుంది. సూదిమొన గుండు పెడితే తన్నుకి అది ప్రైమర్‌ని పొడిచి గొట్టంలోనే పేలొచ్చు. అందుకే దీనికి మొన చదునుగా ఉన్న గుండ్లే వాడతారు, లేకపోతే హార్నడీ వాళ్ల మెత్తటి రబ్బరు మొన గుండ్లు. నూరు గజాలకి గురి సరిచేసిన థర్టీ థర్టీ గుండు 200 గజాల్లో ఎనిమిదంగుళాల దాకా కిందికి దిగిపోతుంది, అంటే మన టిఫిన్ ప్లేటంత. సెండెరోలకి ఇది పనికిరాదు.

.243 గురించి రెండు వర్గాలు తిట్టుకుంటాయి. పిల్లలకి, సన్నటివాళ్లకి ఇదే మంచిదని ఒకరు, జింకకి ఇది చిన్నదని ఇంకొకరు. నా లెక్కలో ఇద్దరూ సగం తప్పు. 95 లేదా 100 గ్రెయిన్ల గట్టి గుండుతో, పక్కనుంచి ఊపిరితిత్తుల మీద కొడితే .243 చక్కగా పడేస్తుంది. కానీ ఇదే తూటా 55 నుంచి 75 గ్రెయిన్ల గుండ్లతో నక్కలకీ కొయోటీలకీ కూడా అమ్ముతారు. పెట్టెలు పక్కపక్కనే ఉంటాయి. ఆ తేలిక గుండు జింక జబ్బ ఎముకకి తగిలితే పైపైనే చిట్లిపోతుంది. నేను రెండో ఏడాది చేసిన పని అదే. మిగిలిపోయిన పెట్టె కదా అని పట్టుకెళ్లాను. చెయ్యంత వెడల్పు గాయం, లోపల రెండంగుళాలు కూడా దిగలేదు. రాత్రి పదకొండు దాకా టార్చిలైటుతో నెత్తుటిజాడ వెతికాం. మర్నాడు పొద్దున్న దొరికింది, ఇంకా ప్రాణంతో. దాని గురించి ఇంతకంటే రాయలేను. అందుకే కొత్తగా వేటకొచ్చేవాళ్ల చేతిలో .243 పెట్టడానికి నేను జంకుతాను. ఆ తూటా తప్పులు క్షమించదు, కొత్తవాళ్లు చేసేవి తప్పులే.

7 ఎంఎం-08, .308, 6.5 క్రీడ్‌మోర్ మూడింటినీ ఒక గాటన కట్టొచ్చు. నిజానికి .243, 7 ఎంఎం-08 రెండూ .308 ఇత్తడి కేసు మెడ నొక్కి చేసినవే, అక్కచెల్లెళ్లు. సన్నగా పొడుగ్గా ఉండే 6.5 గుండు గాలిని బాగా కోసుకుపోతుంది, దూరం పెరిగేకొద్దీ ఆ లాభం కనపడుతుంది. 300 గజాల లోపల జింకల మీద ఆ లాభం లెక్కకి మాత్రమే. 6.5 మీద ఇంటర్నెట్టంతా ఇంత మోజెందుకంటే, దాన్ని మొదట తయారుచేసింది వెయ్యి గజాల లక్ష్యాల మీద పోటీలు కాల్చేవాళ్ల కోసం. మీరు ఫీడర్ దగ్గర జింకని కాలుస్తున్నారు. అయినా దాన్ని కొనొద్దని నేననను. తన్ను తక్కువ, తూటాలు ప్రతి కొట్లోనూ దొరుకుతాయి, ఈ రోజుల్లో అమ్మే తుపాకులు చాలా దానికి దొరుకుతాయి. ఈ మూడింట్లో పనితీరు చూసి ఒకటి ఎంచమంటే నేను 7 ఎంఎం-08 అంటాను. తీరా సీజను మధ్యలో పల్లెటూరి కొట్టుకి వెళ్తే ఆ పెట్టె ఉండదు, .308 మాత్రం పాలప్యాకెట్టులా ఎక్కడైనా ఉంటుంది. 2020, 2021ల్లో తూటాల కరువొచ్చినప్పుడు ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. అందుకని ఎవరైనా కళ్లు మూసుకుని ఒక పేరు చెప్పమంటే .308 అనే చెబుతాను, మనసులో 7 ఎంఎం-08 అనుకుంటూ.

.270, థర్టీ నాట్ సిక్స్ అన్నదమ్ములు. ఒకటి వేగం, ఇంకొకటి బరువు. .270ని 200 గజాలకి గురి సరిచేసుకుంటే నూరు గజాల్లో ఒకటిన్నర అంగుళం పైకి, 300 గజాల్లో ఆరేడు అంగుళాలు కిందికి. సెండెరో మీద కూర్చునేవాళ్లకి లెక్కలు వెయ్యకుండా కాల్చే వీలు దీనిలో ఉంది. థర్టీ నాట్ సిక్స్ జింకకి ఎక్కువే గానీ, కొలరాడో వెళ్లి ఎల్క్‌ని (జింక జాతిలోనే చాలా పెద్దది) కూడా వేటాడాలనుకునేవాళ్లు 180 గ్రెయిన్ల గుండు పెట్టి అదే తుపాకీ వాడొచ్చు. ఒకే తుపాకీతో జీవితం గడపాలనుకునేవాళ్లకి మొదట్లో చెప్పిన ఆ పక్కింటాయన మాట అబద్ధమేమీ కాదు.

.300 వించెస్టర్ మాగ్నమ్ జాబితాలో లేదు, కావాలనే పెట్టలేదు. నా మొదటి తుపాకీ అదే. "ఎక్కువ ఉంటే తప్పేముంది" అన్నాడు కౌంటర్ వెనక కుర్రాడు, నేను తలూపాను. తన్ను పాతిక ఫుట్ పౌండ్లు దాటుతుంది. రెండు పెట్టెలు కాల్చేసరికి ట్రిగ్గర్ నొక్కబోయే క్షణంలో కళ్లు మూసుకుపోయి, భుజం ముందుకి తోసుకొచ్చే అలవాటు పట్టింది. 90 గజాల్లో కదలకుండా నిలబడ్డ ఆడజింకని పూర్తిగా తప్పాను, మట్టి లేచింది అంతే. ఆ అలవాటు పోగొట్టుకోవడానికి ఏడాది పాటు .22తో కాగితాలు కాల్చాను. ఆ మాగ్నమ్‌ని నష్టానికి అమ్మి .270 కొన్నాను, ఇప్పటికీ అదే.

అసలు సంగతి: గుండు

1946లో జాన్ నోస్లర్ అనే ఆయన కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో మూస్‌ని వేటాడుతున్నాడు. బురద గట్టిపడ్డ ఆ పెద్ద జంతువు మీద ఆయన మాగ్నమ్ గుండ్లు పైపైనే చితికిపోయాయి, లోపలికి దిగలేదు. ఇంటికొచ్చి గుండు మధ్యలో ఒక అడ్డుగోడ పెట్టి చేశాడు. ముందు సగం పుట్టగొడుగులా విచ్చుకుంటుంది, వెనక సగం గోడ చాటున చెక్కుచెదరకుండా దూసుకుపోతుంది. అదే పార్టిషన్ గుండు, 1948లో ఆయన కంపెనీ మొదలైంది దానితోనే. తర్వాత వచ్చిన గుండ్లన్నీ ఆ సమస్యకి వేరువేరు జవాబులే: ఎంత విచ్చుకోవాలి, ఎంత లోతుకి దిగాలి. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది.

సాదా సాఫ్ట్ పాయింట్ అంటే సీసం గుండుకి రాగి తొడుగు, మొన దగ్గర సీసం బయటికి కనపడుతుంది. రెమింగ్టన్ కోర్ లాక్ట్ 1939 నుంచి ఇదే పని చేస్తోంది. ఇరవై తూటాల పెట్టెలో అన్నింటికంటే చవక ఇదే. .308, .270 లాంటి మధ్యరకం వేగాల్లో, 200 గజాల లోపల తెల్లతోక జింకకి ఇది నిజంగా చాలు. ఖరీదైన పెట్టె కొని అయిదు తూటాలతో గురి సరిచేసి వేటకి వెళ్లేవాడికంటే, చవక పెట్టెలు మూడు కొని అరవై కాల్చి వెళ్లేవాడి జింకే ఫ్రీజర్లోకి వస్తుంది.

రంగు ప్లాస్టిక్ మొన గుండ్లలో చాలా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే మొన ఒకేలా ఉన్నా లోపలి నిర్మాణం వేరు. పల్చటి తొడుగున్నవి వేగంగా పూర్తిగా విచ్చుకుంటాయి. 250 గజాల దూరంలో వేగం తగ్గాక అది వరం. .270 నుంచి 60 గజాల్లో అదే గుండు జబ్బకి తగిలితే ముందుకాలు మాంసం అంతా నెత్తురు గడ్డకట్టి జెల్లీ అవుతుంది. మనవాళ్లు ముందుకాలు ముక్కలతోనే కీమా, పులుసు చేస్తారు, అందుకే ఇది చిన్న సంగతి కాదు. దూరం ఎలాగున్నా తట్టుకోవాలంటే బాండెడ్ గుండ్లు, అంటే సీసాన్ని రాగి తొడుగుకి అతికేసినవి. ఫెడరల్ ఫ్యూజన్, నోస్లర్ అక్యూబాండ్ ఈ కోవలోవే. చిట్లవు, ఎముక పగలగొట్టుకుని అవతలి పక్కకి వెళ్తాయి. రెండు పక్కలా బెజ్జం ఉంటే నెత్తుటిజాడ బాగా పడుతుంది, దట్టమైన పొదల్లో ఆ జాడే మీకు దిక్కు.

ఫుల్ మెటల్ జాకెట్, అంటే మొన కూడా రాగితో పూర్తిగా కప్పేసినది, జింకకి వాడొద్దు. చాలా రాష్ట్రాల్లో చట్టమే ఒప్పుకోదు. అది విచ్చుకోదు, సూదిలా దూరి పోతుంది. పోటీల కోసం చేసే మ్యాచ్ గుండ్లు కూడా అంతే నమ్మకం లేనివి. పెట్టె మీద జింక బొమ్మ ఉందో, చుక్కల లక్ష్యం బొమ్మ ఉందో చూస్తే సగం పని అయిపోతుంది. ఇది ఎగతాళికి చెప్పడం లేదు.

రాగి గుండ్లు, ఇంట్లో పిల్లలు

పూర్తిగా రాగితోనే చేసిన గుండ్లకి నేను మొదట్లో వ్యతిరేకిని. ఖరీదు ఎక్కువ, తూటాకి రెండు మూడు డాలర్లు పడుతుంది. ఇప్పుడు ఫ్రీజర్లోకి వెళ్లే ప్రతి జింకనీ వాటితోనే కొడుతున్నాను, కారణం నా మనవరాలు. సీసం గుండు లోపల విచ్చుకునేటప్పుడు కంటికి కనపడనంత సన్నటి రవ్వలు గాయం చుట్టూ చాలా దూరం చిమ్ముతాయి. 2008లో నార్త్ డకోటాలో పేదలకి దానమిచ్చిన జింకమాంసంలో సీసం రవ్వలు కనపడటంతో, దాన్ని పారెయ్యమని అక్కడి ఆరోగ్యశాఖ ఆహార కేంద్రాలకి చెప్పింది. ఎదిగే పిల్లలకి, గర్భిణులకి సీసం ఎంత తక్కువైనా మంచిది కాదు. సీసం గుండే వాడాలనుకుంటే గాయం చుట్టూ మాంసాన్ని పిసినారితనం లేకుండా కోసి పారెయ్యండి, కీమా మిషన్లోకి మాత్రం వెయ్యకండి.

రాగి గుండుకి దాని పద్ధతులు దానికున్నాయి. రాగి సీసంకంటే తేలిక, కాబట్టి అదే బరువుకి గుండు పొడుగవుతుంది. పొడుగు గుండుని నిలకడగా తిప్పడానికి బ్యారెల్ లోపలి మెలిక వేగంగా ఉండాలి. ఇబ్బంది లేకుండా ఉండాలంటే ఒక మెట్టు తేలిక గుండు తీసుకోండి: .308లో 150 బదులు 130, .270లో 130 బదులు 110 లేదా 120. తేలికైనా అవి బరువు కోల్పోవు కాబట్టి లోతుగానే దిగుతాయి. ఇంకొకటి, వేగం సెకనుకు 1800, 2000 అడుగుల కిందికి పడిపోతే ఇవి సరిగా విచ్చుకోవు. చిన్న బ్యారెల్ .308తో 300 గజాల దూరం కాల్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. సీసం నుంచి రాగికి మారినప్పుడు బ్యారెల్‌ని బాగా శుభ్రం చేసి, మళ్లీ మొదటినుంచి గురి సరిచేసుకోవాలి. కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లకి ఈ చర్చే లేదు. కాండర్ రాబందుల్ని కాపాడటానికి అక్కడ 2019 జులై 1 నుంచి వేటలో సీసం వాడకం పూర్తిగా ఆపేశారు.

మన దుప్పి, మన మనుబోతు

టెక్సస్ హిల్ కంట్రీలో మొదటిసారి చుక్కల దుప్పిని చూసినప్పుడు నల్లమలలో ఉన్నట్టే అనిపించింది. ఇవి ఇండియా జాతివే, 1932లో టెక్సస్‌కి తెచ్చారు, ఇక్కడ ఆక్సిస్ అంటారు. అక్కడ 1972 వన్యప్రాణి చట్టం కింద ముట్టుకుంటే జైలు. ఇక్కడ పరాయి జాతి కింద లెక్క, సీజనంటూ లేదు, వేట లైసెన్సు, స్థలం యజమాని అనుమతి ఉంటే ఏడాది పొడుగునా కాల్చొచ్చు. మాంసం తెల్లతోక జింక కంటే బాగుంటుందని చాలామంది అంటారు, నేనూ అంటాను. తూటా విషయంలో ఒక మెట్టు పైకి వెళ్లాలి. పోతు 150 నుంచి 200 పౌండ్లు ఉంటుంది, దెబ్బ తగిలాక కూడా మొండిగా పరుగెడుతుంది. నేనైతే దానికి .243 తీసుకెళ్లను. .308 నుంచి పైకి, బాండెడ్ లేదా రాగి గుండు.

కింగ్ రాంచ్ వైపు మనుబోతులు కూడా ఉన్నాయి, వీళ్లు నీల్‌గాయ్ అనే పిలుస్తారు. అయిదారు వందల పౌండ్ల మగ మనుబోతుకి దట్టమైన తోలు, బలమైన ఎముకలు. నేను తిట్టిన .300 మాగ్నమ్‌కి 180 గ్రెయిన్ల గట్టి గుండు వేసుకుని వెళ్లాల్సిన చోటు అదొక్కటే. ఒక మనుబోతు వేట కోసం తుపాకీ కొనేకంటే గైడు దగ్గర అద్దెకి తీసుకోండి.

చట్టాలు, చెయ్యకూడని పొరపాట్లు

టెక్సస్‌లో తెల్లతోక జింకకి రిమ్‌ఫైర్ తూటాలు (అడుగు అంచున నిప్పు అంటుకునేవి) నిషేధం, అంటే మీ .22 పనికిరాదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ పూర్తిచెయ్యాలి. కొలరాడోలో జింకకి కనీసం .24 కొలత, 70 గ్రెయిన్ల విచ్చుకునే గుండు, నూరు గజాల్లో 1000 ఫుట్ పౌండ్ల శక్తి ఉండాలి. ఒహాయోలో రైఫిల్ అయితే మెడ నొక్కని తిన్నటి కేసు తూటాలు మాత్రమే, .357 నుంచి .50 కొలత దాకా. .308 పట్టుకుని కొలంబస్ మారినవాళ్లు అక్కడ .350 లెజెండ్ లాంటిది వేరే కొనుక్కోవాలి. అది 2019లో వించెస్టర్ ఇలాంటి రాష్ట్రాల కోసమే తెచ్చింది, తన్ను తక్కువ, 150 గజాల దాకా మంచి తూటా. ఈ నియమాలు ఏటా మారుతుంటాయి, ఆ ఏటి పుస్తకం చూసుకోండి.

హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టం తుపాకీయే కాదు, తూటా దగ్గర పెట్టుకోవడాన్ని కూడా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉన్నవాళ్లకి మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు గడువు దాటితే మినహాయింపూ పోతుంది. స్నేహితుడి తుపాకీ కదా అని చేతిలోకి తీసుకోకముందే లాయర్ని అడగండి. గ్రీన్‌కార్డు పోగొట్టుకునేంత విలువైన జింక ఎక్కడా లేదు.

కొనేటప్పుడు బ్యారెల్ మీద చెక్కిన పేరు, పెట్టె మీది పేరు అక్షరం పొల్లుపోకుండా కలవాలి. .300 బ్లాకౌట్ తూటా .223 తుపాకీలోకి దూరిపోతుంది, నొక్కితే తుపాకీ చేతిలోనే పగులుతుంది. రెండు రకాల తుపాకులున్న ఇంట్లో తూటాలు వేరువేరు డబ్బాల్లో, తాళంతో ఉండాలి. మూడు రకాల గుండ్లు ఒక్కో పెట్టె తెచ్చి, నూరు గజాల్లో ఏది దగ్గరదగ్గరగా పడుతోందో చూడండి. ప్రతి బ్యారెల్‌కీ ఒక రుచి ఉంటుంది, నా .270కి ఖరీదైన ఒక బ్రాండు అసలు పడదు. నచ్చినది దొరికాక ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) అయిదారు పెట్టెలు కొనేస్తే రెండు మూడు సీజన్లు చూసుకోనక్కర్లేదు.

డిసెంబరులో వేట ముగించుకుని సంక్రాంతికి ఇండియా వెళ్లేవాళ్లు మాత్రం ఒక పని చెయ్యండి. మంచె మీదికి పట్టుకెళ్లిన బ్యాగునే విమానానికి సర్దకండి. తప్పదంటే జేబులన్నీ తలకిందులుగా దులిపి, అడుగున కుట్టుల్లో కూడా వేళ్లు పెట్టి చూడండి. మర్చిపోయిన ఒక్క తూటా శంషాబాద్‌లో ఎక్స్‌రే మిషన్ కింద కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు. కోటుకీ ఆ అలవాటు చెయ్యండి, నా కోటు చేతిమడతలో ఒకసారి .270 దొరికింది, అదృష్టం కొద్దీ ఇంట్లోనే.